ఒట్టు వేసి పెట్టిన ముద్ద

“ఆఖరిసారి ఎప్పుడు తిన్నావమ్మా?”

మత్తు డాక్టరు లబీబ్ అందరినీ అడిగే మాటే అది. రెహాం ముంజేతి మీద నరం కోసం వేళ్లతో తడుముతూ, జవాబు ముందే తెలిసినవాడిలా అడిగాడు. వచ్చిన ప్రతి ఆడమనిషీ “రాత్రే డాక్టరుగారూ” అంటుంది. ఆయన సూది గుచ్చుతాడు, ఆమె నిద్రపోతుంది, కళ్లు తెరిచేసరికి అండాలు తీయడం అయిపోయి ఉంటుంది. రెహాం మాత్రం ఆకుపచ్చ గౌను అంచును మోకాళ్ల మీదికి లాక్కుంది.

“రంజాన్ సుహూర్‌లో తిన్నాను,” అంది.

డాక్టరు వేళ్లు ఆగిపోయాయి. “తెల్లారగట్ల సుహూరా? ఇవాళ్టిదా?”

“అవునండీ.”

“ఏం తిన్నావు?”

“ఫూల్ చిక్కుళ్లు, గుడ్లు, రొట్టె, పెరుగు.”

మంచం కాళ్లవైపు నిలబడి, కోడలు విప్పిన బట్టలను సంచిలో సర్దుతున్న అత్తగారు ఇన్షిరాహ్ సంచి మూతి బిగించి పట్టుకుంది. ఇంకొక్క మాట మిగిలి ఉంది కదా. ‘మా అత్తగారే పెట్టారు’ అనే మాట. అదెప్పుడు పడుతుందా అని చూసింది. రెహాం ఆమె వైపు కన్నెత్తి చూడలేదు. ఆ మాట రానూ లేదు.

లబీబ్ బయటికి వెళ్లి డాక్టర్ మగ్దాను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చెయ్యి మంచిదని దమన్‌హూర్ ఊళ్లో ఆడవాళ్లందరూ చెప్పుకుంటారు, నోటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

“నిజమేనా? తినొచ్చావా?” అంది మగ్దా. “పొట్ట మీద చోటు లేకుండా సూదులు పొడిపించుకున్నావు కదే, ఒక్క రాత్రి నోరు కట్టుకోలేకపోయావా? అర్ధరాత్రి దాటాక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దని చెప్పానా లేదా? చికిత్సలో ఉన్నవాళ్లకి ఉపవాసం లేదు, పైగా నువ్వు సుహూర్ చేసేదేమిటి?”

రెహాం తల వంచుకుంది.

“పోనీ కాసేపాగి మత్తిస్తే...” అన్నాడు లబీబ్ మెల్లగా.

“ఎలా ఆగుతాం? ఆఖరి ఇంజెక్షను పడిపోయింది. ఈ పూట తియ్యకపోతే అవి పగిలి లోపలే పోతాయి. అప్పుడు నెల మొత్తం మళ్లీ మొదలు.” మగ్దా రెహాం వైపు తిరిగింది. “కడుపులో తిండి ఉంచుకుని మత్తులోకి వెళ్తే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణానికే ముప్పు. అంచేత నిన్ను నిద్రపుచ్చడం కుదరదు. అక్కడ మటుకు మొద్దుబారేలా ఇంజెక్షనిస్తాను. నొప్పి ఉంటుంది. చాలానే ఉంటుంది. ఓర్చుకోవాలి. ఏం చేస్తాం, నువ్వు చేసుకున్నదే.”

ఇన్షిరాహ్ నోరు తెరిచింది. “డాక్టరమ్మా...”

“మీరు బయట కూర్చోండి హాజ్జా. ఇక్కడ మీ పనేం లేదు.”

ఆమె సంచి గుండెలకు హత్తుకుని బయటికొచ్చింది. రావడం ఎంత తేలికగా అనిపించిందో తలచుకుంటే తరవాత ఆమెకే రోత పుట్టింది. ఇంకొక్క అడుగు ముందుకేసి, ఆ పిల్ల తప్పేం లేదు తల్లీ, నేనే కూరాను అని ఉంటే ఎవరాపేవారు?

ఎందుకు పెట్టింది? దానికేముంది, పెట్టింది. రంజాన్‌లో రాత్రికీ పగటికీ తేడా ఎక్కడిది, ఆ అర్ధరాత్రి లెక్కలు మామూలు రోజులకి గాని, అనుకుంది. ఖాళీ కడుపున తీస్తే ఖాళీ గుడ్లే వస్తాయి, అనుకుంది. సుహూర్ ముద్దలో బరకత్, దేవుడి దయ, ఉందని పెద్దలన్నారు, అదీ అనుకుంది. రెహాం వంటింటి గుమ్మంలో నిలబడి, “వద్దమ్మా, డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది,” అని రెండుసార్లంది. మూడోసారి అనే లోపే ఇన్షిరాహ్ రొట్టెముక్కలో ఫూల్ అద్ది, ఆమె నోటి దగ్గరికి చెయ్యి చాచి, “నా కొడుకు హైసం ప్రాణం మీద ఒట్టే, ఈ ముద్ద తినకపోతే!” అనేసింది.

ఆ ఇంట్లో ఒట్టుకి కరువేమీ లేదు. రెండో గ్లాసు టీకి ఒట్టు, చుట్టాల పళ్లెంలో మూడో చేపముక్కకి ఒట్టు, పొరుగింటి పిల్లాడి చేతిలో అరటిపండు పెట్టడానికీ ఒట్టే. ఊరంతా అంతే. తినిపించాలనుకున్నవాడు దేవుణ్ణో, కన్నబిడ్డనో అడ్డం పెడతాడు, తినేవాడు నవ్వుతూ తింటాడు. రెహాం నవ్వలేదు. మొగుడు నిద్రపోతున్న గది తలుపు వైపు ఒకసారి చూసి నోరు తెరిచింది. ఒక ముద్ద తిన్నాక ఇంక పూర్తిగా తింటే మాత్రం ఏం పోయిందని అత్తగారు పళ్లెం ముందుకు నెట్టింది.

ఆస్పత్రి వరండాలో నలుగురైదుగురు ఆడవాళ్లు వరసగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. తలుపవతల నుంచి మొదట “యా రబ్” అని దేవుణ్ణి పిలిచే మామూలు గొంతే వినబడింది. ఆ తరవాత గొంతు మారింది. కుర్చీల్లో వాళ్లు ఫోన్ల మీంచి తలలెత్తారు. ఒకావిడ చెయ్యి తెలియకుండానే తన పొట్ట మీదికి పోయింది. “అమ్మా!” అని అరిచింది రెహాం. “అమ్మా, అమ్మా!” కన్నతల్లిని పిలుస్తోందో, అత్తనే పిలుస్తోందో ఇన్షిరాహ్‌కి తెలియలేదు. రెహాం ఇద్దర్నీ ఒకే పిలుపుతో పిలుస్తుంది.

తలుపు తెరుచుకుని నర్సు ఫాతెన్ ట్రేతో బయటికొచ్చింది.

“అయిపోయిందా తల్లీ?” అంటూ ఇన్షిరాహ్ లేచింది.

“కుడివైపు అయింది హాజ్జా. ఇంక ఎడమవైపు.”

“ఇంకోవైపు కూడానా!”

ఫాతెన్ అప్పటికే వెళ్లిపోయింది. మైక్రోబస్‌ని ఎక్కడో సందులో ఆపి హైసం మెట్లెక్కి వచ్చేసరికి రెండో విడత మొదలైంది. వాడు మెట్టు మీదే నిలబడిపోయాడు.

“ఆ అరుపు మనదేనా అమ్మా?”

“మనదే.”

“మత్తివ్వలేదేం?”

తిరిగొస్తున్న ఫాతెనే చెప్పింది. “మీ ఆవిడ సుహూర్ తినొచ్చింది. ఎలా ఇస్తారు మరి?”

హైసం ముఖం జేవురించింది. తలుపు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. “నువ్వుండి కూడా చూసుకోలేదా?”

ఇన్షిరాహ్ చేతిలోని జపమాల పూసలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “నేనూ చూసుకోలేదు నాన్నా,” అంది. అది మొదటి అబద్ధం. చిన్నదేలే, ఇంటికెళ్లాక నెమ్మదిగా చెబుదాం అనుకుంది.

ఇంటికెళ్లాక నెమ్మది ఎక్కడ దొరికింది? హైసం పెళ్లాన్ని మెట్ల మీద ఇంచుమించు మోసుకుంటూ తెచ్చి పడుకోబెట్టాడు. దిండు సరిచేశాడు, వేడినీళ్ల సంచి పొట్ట మీద పెట్టాడు. ఆ చేతులతోనే అంత మంచి చేసి, నోటితో మాత్రం ఊరుకోలేకపోయాడు. “నాకు కోపం లేదు రెహాం. కానీ నువ్వే చెప్పు, అంత ఆకలా? ఒక్క రాత్రి! చిన్నపిల్లవా?”

రెహాం గోడవైపు తిరిగి పడుకుంది.

గుమ్మంలో పులుసు గిన్నెతో నిలబడ్డ ఇన్షిరాహ్ పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టుంది. అయ్యో అనలేదు, ఆగలేదు. గిన్నె మంచం పక్కన పెట్టి, “కొంచెం తాగు తల్లీ, కోడి పులుసు,” అంది. అన్నాక, ఇంకోసారి బతిమాలడానికి నాలుక మీదికి ఒట్టు దానంతటదే వచ్చింది. పళ్ల వెనకే ఆపుకుంది. నోరు చేదెక్కింది. ఆ రోజు ఇఫ్తార్ వేళ ఖర్జూరం కూడా ఆమెకు సహించలేదు.

మర్నాడు సంతాన చికిత్స కేంద్రం నుంచి ఫోనొచ్చింది. పిండాలు నిలిచాయట, ఐదో రోజున ఒకటి లోపల పెడతారట. హైసం తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పాడు. “చూశావా, అంత అరిచినా మంచివే వచ్చాయి!” అన్నాడు. మంచంలోంచి రెహాం, “అల్‌హందులిల్లా,” అంది. ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

రంజాన్ నెలంతా ఇన్షిరాహ్‌కి వీధిగుమ్మంలో ఖతాయిఫ్ అట్లు పోసి అమ్మే పెనం ఉంటుంది. సాయంత్రపు అసర్ నమాజు దాటాక జనం వరస కడతారు. గరిటెడు పలచటి పిండి పెనం మీద పోస్తే అది గుండ్రంగా పరుచుకోవాలి, పైన బుడగలు లేచి ఒక్కొక్కటే పగలాలి, తడి ఆరిన క్షణంలో తియ్యాలి. తిరగెయ్యకూడదు. కింద వేగి పైన పచ్చిగా మెత్తగా ఉంటేనే లోపల పప్పులు పెట్టి మడిస్తే అంటుకుంటుంది. ముప్ఫై ఏళ్ల చెయ్యి అది, కళ్లు మూసుకుని పోసినా వంకర పోదు. ఆ రోజు మాత్రం మొదటి వాయి మాడింది. రెండో వాయి పచ్చిపచ్చిగా తీసి పక్కన పడేసింది. కొడుకుతో ఏమని మొదలుపెట్టాలో కూడబలుక్కుంటుంటే పిండి పెనం అంచు దాటి పొయ్యిలోకి కారింది.

“ఏమైంది హైసం అమ్మా, పెనానికి దిష్టి తగిలిందా?” అంది ఎదురింటి నఈమా. ఆవిడకి పళ్లు కదిలిపోయాయి గాని నాలుక ఇంకా గట్టిది.

“పొయ్యి సరిగా మండట్లేదు.”

“పొయ్యి సంగతి సరేలే. మీ కోడలి సంగతి విన్నాం. మా మేనకోడలు ఆ రోజు అక్కడే ఉందట, అరుపులకి దానికి గుండె జారిపోయిందట. గుడ్లు తీయించుకోబోతూ గుడ్లు తినొచ్చిందటగా!” నఈమా పకపకా నవ్వింది. వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు కూడా నవ్వారు. “పోనీలే, పాపం. ఈ కాలప్పిల్లలకి నోరెక్కడ ఆగుతుంది? నువ్వైనా లాక్కోలేకపోయావా పళ్లెం?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇన్షిరాహ్ వేడి పెనం అంచునే పట్టుకుంది. చురుక్కుమని వెనక్కి తీసింది. ఇక్కడ చెప్పొచ్చు, ఈ నోటికి చెబితే చాలు, ఇఫ్తార్ లోపల ఊరంతా తెలిసిపోతుంది. ఆమె వేళ్లు నోట్లో పెట్టుకోబోయి, ఉపవాసమని గుర్తొచ్చి, అబాయా అంచుకు తుడుచుకుంది.

“చిన్నపిల్ల,” అంది. “ఆకలి ఆగలేదు. ఎవరూ చూడకుండా తినేసింది.”

అనేశాక మెట్ల మీద ఏదో చప్పుడైంది. తల తిప్పి చూస్తే రెహాం. పడుకుని పడుకుని విసుగెత్తి, గోడ పట్టుకుంటూ, ఖతాయిఫ్ మడతపెట్టడానికి దిగొచ్చింది. ఒక చేతిలో పప్పుల గిన్నె ఉంది. నఈమా కూడా చూసి నాలుక్కరుచుకుంది.

రెహాం చివరి మెట్టు దిగి, చిన్న పీట లాక్కుని కూర్చుంది. ఆరిన అట్టు ఒకటి అందుకుంది. లోపల పప్పులూ ఎండుద్రాక్షా పెట్టి అర్ధచంద్రంలా మడిచింది. అంచులు వేళ్లతో నొక్కుకుంటూ వచ్చింది. “నఈమా పిన్నీ, మీకు కిలోనా?” అనడిగింది.

అరిచి ఉంటే బాగుండేది. పప్పుల గిన్నె విసిరికొట్టినా బాగుండేది. ఒట్టు తప్పితే ఏం చెయ్యాలో ఇన్షిరాహ్‌కి తెలుసు. పదిమంది పేదలకు అన్నం పెట్టాలి, చేతకాకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండాలి. మరి నెగ్గిన ఒట్టుకి పరిహారం ఏమిటి? తను ఒట్టేసింది, పిల్ల తిన్నది, ఒట్టు నెగ్గింది. దానికి ఏ షేకూ ఏ దారీ చెప్పలేదు. ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. పక్కన మడతపెట్టిన ఖతాయిఫ్‌లు వరసగా పేరుకుంటున్నాయి, ఒక్కదాని అంచూ విడలేదు.

పిండం పెట్టే రోజు దగ్గరపడే కొద్దీ రెహాం మాటలు తగ్గిపోయాయి. ముందురోజు పొద్దున్న పక్కగదిలోంచి ఆమె గొంతు వినబడింది. “నేను రాను హైసం.”

“రాకపోవడం ఏమిటి?”

“ఆ గది తలుచుకుంటే కాళ్లు పడిపోతున్నాయి. ఆ బల్ల మీద మళ్లీ పడుకోలేను.”

“ఈసారి నొప్పే ఉండదని చెప్పారు కదా, సన్నటి గొట్టం ఒక్కటేనట.”

“తెలుసు. నాకు తెలుసు గాని నా ఒంటికి తెలియడం లేదు.”

 హైసం గొంతు గట్టిపడింది. “పిండం అక్కడ కూర్చుని ఉంటే నువ్విక్కడ మంకుపట్టు పడితే ఎలా? ఆ భయం ఎవరు పెట్టారు? నువ్వు తెచ్చుకున్నదే కదా.”

గోడకివతల ఇన్షిరాహ్ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. హైసం చొక్కా ఒకటే పదిసార్లు మడిచి ఉంటుంది. ఆ తల్లి కడుపున నీ బిడ్డ పడకపోతే అది నా చేతి ముద్ద వల్లేరా, అని లేచి రెండడుగుల దూరంలో ఉన్న తలుపు కొట్టాలి. లేవలేదు. కొడుకు తనవైపు ఆ చూపు చూస్తాడని భయం. మొగుడు పోయాక వాడి చూపొక్కటే ఆమెకు మిగిలింది. భయపడుతున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. కేంద్రానికి ఫోన్ చేసి ఫాతెన్‌తో మాత్రం గొంతు తగ్గించి మాట్లాడింది. “పిల్ల వణికిపోతోందమ్మా. ఏదైనా ఉందా ఇవ్వడానికి?”

“ఉంది హాజ్జా. చిన్న మాత్ర. డాక్టరమ్మకి చెప్పి సిద్ధంగా ఉంచుతాను. తీసుకురండి మీరు.”

మర్నాడు రెహాం వచ్చింది. నడిచొచ్చిందనే గాని, హైసం చెయ్యి పట్టుకుని లాగితే వచ్చినట్టే ఉంది. వరండాలో కూర్చోగానే ఫాతెన్ పెద్ద నీళ్ల సీసా తెచ్చి చేతికిచ్చింది. మూత్రసంచి నిండి ఉంటేనే లోపల స్పష్టంగా కనబడుతుందట, మొత్తం తాగాలట. చుట్టూ కుర్చీల్లో పెదవులెండిన ఉపవాసం మనుషులు. రెహాం సీసా మూత తీసి ఆగిపోయింది. ఇన్షిరాహ్ లేచి తన పెద్ద శాలువా విప్పి, కోడలికి అడ్డంగా పట్టుకుని నిలబడింది. ఆ చాటున రెహాం గటగటా తాగుతుంటే ప్రతి గుక్కా వినబడుతోంది. సీసా రెహాం పళ్లకు తగిలి టకటకమంటోంది.

అప్పుడే ఫాతెన్ చిన్న కాగితపు గిన్నెలో మాత్ర పట్టుకొచ్చింది. “డాక్టరమ్మ ఇమ్మంది. గుండెదడ తగ్గుతుంది, ఒళ్లు వదులవుతుంది. దీనికి పొట్ట ఖాళీగా ఉండాలనేం లేదు. నీళ్లు మిగిలాయిగా, మింగెయ్యి.”

“మళ్లీ మందేమిటి?” అన్నాడు హైసం. “లోపల పెట్టబోయేది బిడ్డని కదా, మత్తుమందులెందుకు?”

“బిడ్డకేం కాదండీ. అందరికీ ఇచ్చేదే, అడిగితే.”

“వద్దులెండి. ఆ రోజు నోరు కట్టుకుని ఉంటే ఈ భయమే ఉండేది కాదు. తనే తెచ్చుకుంది. నాలుగు నిమిషాల పనట, ఓర్చుకుంటుంది.”

శాలువా పట్టుకున్న ఇన్షిరాహ్ చేతులు కిందికి జారాయి. ఇన్నాళ్లూ కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

“అది తెచ్చుకోలేదురా. నేనే పెట్టాను.”

“ఏం పెట్టావు?”

“సుహూర్. వద్దు వద్దంటే పెట్టాను. నీ ప్రాణం మీద ఒట్టేసి నోట్లో కుక్కాను. అది నీకోసం తిన్నది. డాక్టరమ్మ తిడుతుంటే పక్కనే నిలబడి విన్నాను. నువ్వు తిడుతుంటే విన్నాను. వీధిలో నఈమాతో అదే దొంగతనంగా తిన్నదని చెప్పాను. తప్పంతా నాది నాన్నా, దాన్నేం అనకు.”

హైసం తల్లినే చూస్తూ ఉండిపోయాడు. ఆమె కళ్లు మూసుకుంది. అరుస్తాడు, అరవనీ. ఈ ఆడవాళ్లందరి ముందూ అరవనీ.

అంతలో వాడు నవ్వాడు. నవ్వి, వంగి, తల్లి నెత్తి మీద ముద్దుపెట్టాడు. “ఓసి పిచ్చి అమ్మా! దీనికా ఇన్ని రోజులూ మొహం వేలాడేసుకున్నావు? నేనింకా ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా. ప్రేమకొద్దీ పెట్టావు, నీకేం తెలుసు పాపం. అలా జరగాలని రాసి ఉంది, జరిగింది. వదిలెయ్.”

ఐదు రోజులు ఆమె గుండెల మీద కూర్చున్న రాయిని వాడు పిండి దులిపినట్టు దులిపేశాడు. ఒక్క క్షణం ఆమెకు ఊపిరాడింది కూడా. హాయిగా అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. అప్పుడు రెహాం మొహం కనబడింది.

రెహాం సీసా ఒళ్లో పెట్టుకుని మొగుణ్ణి చూస్తోంది. ఏడవడం లేదు.

“ఎందుకు చెప్పలేదే తల్లీ?” అంది ఇన్షిరాహ్. “ఆ రోజే ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమవుతుందో తెలుసు గనక చెప్పలేదమ్మా. ఇప్పుడు మీరూ చూశారుగా.” రెహాం గొంతు పెంచలేదు. “నేను తింటే తిండిపోతుని. మీరు పెడితే ప్రేమ.”

“అది కాదు రెహాం, నేనన్నది...” అన్నాడు హైసం. 

రెహాం ఫాతెన్ వైపు చెయ్యి చాచింది. “ఇటివ్వండి,” అని మాత్ర తీసుకుంది. ఎవరి మొహమూ చూడకుండా నోట్లో వేసుకుని, మిగిలిన నీళ్లు శాలువా చాటు లేకుండానే తాగింది. ఎదుటి కుర్చీలో ఒకావిడ చూపు తిప్పేసుకుంది. చిన్న వయసు అమ్మాయి ఒకతె మాత్రం, “అక్కా, అది అడిగితే ఇస్తారా?” అనడిగింది. “అడుగు,” అంది రెహాం.

కాసేపటికి ఆమె భుజాలు కిందికి దిగాయి. నేల మీద అదేపనిగా కొట్టుకుంటున్న మడమ ఆగింది. ఫాతెన్ తలుపు తీసి, “తోడుకి ఒక్కరు రావొచ్చు,” అంది. హైసం చొక్కా సర్దుకుని లేచాడు.

“ఆయనొద్దు,” అంది రెహాం. “ఆవిడ రావాలి.”

హైసం మళ్లీ కూర్చున్నాడు. ఇన్షిరాహ్ శాలువా భుజాన వేసుకుని లేచింది. నన్నే పిలిచింది, నన్నే రమ్మంది అనుకుంటూ, ఆశ కాళ్లకు అడ్డం పడుతుంటే, కోడలి వెనకే లోపలికి నడిచింది.

గది ఆమె అనుకున్నంత పెద్దది కాదు. బల్ల, దీపం, తెర మీద బూడిదరంగు మరకలాంటి బొమ్మ. రెహాం బల్ల మీద పడుకుంటూ ఒక్కసారి బిగుసుకుంది, మళ్లీ వదులైంది. చెయ్యి పక్కకు చాచింది. ఇన్షిరాహ్ ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

“చల్లగా తగులుతుంది,” అంది డాక్టర్ మగ్దా. “ఎలా ఉంది?”

“బాగుంది,” అంది రెహాం. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

“ఇప్పుడు గొట్టం వెళ్తోంది. నొప్పి ఉందా?”

“లేదు.”

ఇన్షిరాహ్ కోడలి మొహాన్నే చూస్తోంది. నుదుటి మీద ముడుత లేదు. పెదవులు కొంచెం తెరుచుకుని, ఎండకు కునుకు తీస్తున్న మనిషిలా ఉంది. ఆ రోజు ఇదే బల్ల, ఇదే దీపం, ఇదే పిల్ల. ఆ రోజు కూడా ఇలాగే ఉండేదన్నమాట. ఇంతకంటే హాయిగానే, నిద్రలోనే అయిపోయేది. పిల్ల ఏమీ ఎరక్కుండా లేచి, అమ్మా ఆకలేస్తోంది అనేది. ఇన్నాళ్లూ ఆమె చెవుల్లో ఆ అరుపులే ఉన్నాయి గాని, తను లాక్కున్నది ఏమిటో కంటితో చూడలేదు. ఇప్పుడు చూసింది. ఎక్కడా ఆపుకోలేకపోయింది. కన్నీళ్లు గడ్డం మీంచి శాలువా మీదికి కారాయి.

“అదిగో, ఆ తెల్ల చుక్క,” అంది మగ్దా తెర చూపిస్తూ. “పెట్టేశాను. ఇంక పైవాడి చేతుల్లో ఉంది.”

రెహాం తెర చూసింది, చాలాసేపు చూసింది. తరవాత తల ఇటు తిప్పి అత్తగారిని చూసింది. మాత్ర మత్తుకు రెప్పలు బరువుగా ఉన్నాయి. చెయ్యి లాక్కోలేదు.

“అమ్మా.”

“చెప్పు తల్లీ.”

“మిమ్మల్ని క్షమించలేదు. మత్తులో అంటున్నాననుకోకండి.”

ఇన్షిరాహ్ తలూపింది. ఊపుతూనే ఉంది.

ట్రే సర్దుతున్న ఫాతెన్ ఇటు తిరిగింది. “ఏమంటోంది హాజ్జా? ఏమైనా కావాలా?”

ఏమీ లేదమ్మా అంటే చాలు. ఇక్కడెవరూ వినలేదు. ఇన్షిరాహ్ కళ్లు తుడుచుకోకుండానే, అటువైపు తిరిగి చేతి తొడుగులు విప్పుకుంటున్న డాక్టర్ మగ్దాకు కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

“నన్ను క్షమించలేదంటోంది. సరిగ్గానే అంది. ఆ రోజు ఒట్టేసి ముద్ద పెట్టింది నేను డాక్టరమ్మా. తిట్లు తిన్నది ఇది.”